కారు పడని మనిషి

సీతారావమ్మ గారిని ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది. చిలకలూరిపేటలో ఆవిడ శిష్యులందరికీ ఈ సంగతి తెలుసు. ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పి చెప్పి రిటైరయ్యాక, ఆవిడ శనివారం సాయంత్రాలు తమ ఇంటి వరండాలో పురాణం చెప్పడం మొదలుపెట్టారు. పదిమందో పదిహేనుమందో వచ్చి చాపల మీద కూర్చుంటారు. పురాణం ముగిసి, హారతి అయ్యి, శనగల ప్రసాదం చేతికొచ్చాక ఎవరి ప్రశ్నలు వాళ్ళు బయటికి తీస్తారు. మోక్షం సంగతి అడిగేవాళ్ళు అరుదు. అమ్మాయికి వచ్చిన సంబంధం ఖాయం చేసుకోవచ్చా, తమ్ముడితో గోడ తగాదా కోర్టుకెక్కించాలా మానాలా, ఇలాంటివే ఎక్కువ. ఆవిడ అన్నీ ఓపిగ్గా విని, చివరికి ఏదో ఒక పని పురమాయిస్తారు. గోడ తగాదా పెద్దమనిషిని ఆ గోడకి రెండు వైపులా సున్నం వేసి రమ్మన్నారు. తన వైపు వేశాక అవతలి వైపు వెయ్యాలంటే ఆయనకి తమ్ముడి గుమ్మం తొక్కక తప్పలేదు, తొక్కాక మరదలిచ్చిన కాఫీ తాగక తప్పలేదు. ఆ తర్వాత కోర్టు మాట ఎవరూ ఎత్తలేదు.

పట్టాభికి ఇదంతా తెలుసు. తెలిసే అడిగాడు. బజార్లో ఎరువుల కొట్టు అతనిది. వయసు నలభై దాటింది, పొట్ట కొంచెం ముందుకొచ్చింది, మనిషి నెమ్మదస్తుడు. ఆ శనివారం చేతిలో శనగలు నమలడం కూడా మర్చిపోయి, తక్కినవాళ్ళ ప్రశ్నలన్నీ అయ్యేదాకా ఆగి, కారు కొందామనుకుంటున్నానండీ, ఎంత పెద్దది కొనమంటారు అని అడిగాడు. చాపల మీద ఇద్దరు ముగ్గురు నవ్వారు. పరమాత్మ గురించి విన్న కాసేపటికే కార్ల గురించి అడగడం వాళ్ళకి తమాషాగా తోచింది. సీతారావమ్మ గారు మాత్రం నవ్వలేదు. వివరంగా చెప్పమన్నారు.

నిజానికి ఆ ప్రశ్న కొన్నాళ్ళుగా పట్టాభి ఇంట్లో ఎవరినీ సుఖంగా అన్నం తిననివ్వడం లేదు. వాళ్ళ నాన్న ఆంజనేయులు గారు చిన్న కారు చాలంటారు. వాళ్ళ సందులో గేదె అడ్డం వస్తే మనిషే పక్కకి తిరిగి నడవాలి, పెద్ద బండి కొంటే దాన్ని బజార్లో వదిలేసి ఇంటికి నడిచి రావాలని ఆయన వాదన. భార్య సునంద ఏడు సీట్లదైతేనే కొనమంటుంది. సెలవులకి ఒంగోలు నుంచి చెల్లెలూ మరిదీ పిల్లలూ వస్తారు, వాళ్ళని వెనక ఆటోలో రమ్మని మనం దర్జాగా కార్లో పోతామా అని ఆవిడ బాధ. పెద్దమ్మాయి సాహితి వచ్చే ఏడు హాస్టల్‌కి వెళ్తుంది కాబట్టి డిక్కీ పెద్దదుండాలంటుంది. చిన్నమ్మాయి మేఘనకి సైజుతో పని లేదు, రంగు నీలమైతే చాలు. కార్ల షాపు అతను రోజూ వీళ్ళు పళ్ళు తోముకోకముందే ఫోన్ చేసి ఏం నిర్ణయించారు సార్ అంటున్నాడు. అందరి మాటా సబబుగానే ఉంది. ఏ ఒక్కరి మాట విన్నా తక్కినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు.

“నాకున్న కోరిక ఒక్కటేనండి,” అన్నాడు పట్టాభి. “ఇంట్లోవాళ్ళం అందరం ఒకేసారి ఎక్కి వెళ్ళాలి. ఎవరూ ఇంటి దగ్గర ఆగిపోకూడదు.”

మీ ఇంట్లో ఎంతమందని ఆవిడ అడిగారు. నాన్నగారు, తను, సునంద, ఇద్దరు పిల్లలు, ఐదుగురమని పట్టాభి వేళ్ళు మడిచి చెప్పాడు. చెప్పి, చెయ్యి దించబోతూ, మా మేనత్త కూడా ఉంది గాని ఆవిడకి కారు పడదండీ అని చేర్చాడు. కారెక్కితే వాంతులవుతాయి, అందుకని ఎక్కడికీ రాదు. మరి బస్సో అని సీతారావమ్మ గారు అడిగారు. బస్సు పరవాలేదండి, మొన్న కూడా గుంటూరు ఒక్కతే వెళ్ళొచ్చింది, రైలూ బాగానే పడుతుంది, కారే పడదు అన్నాడు పట్టాభి. ఇది అతను ఎంత మామూలుగా చెప్పాడంటే, వింటున్నవాళ్ళకి కూడా ఇందులో వింతేమీ కనపడలేదు. సీతారావమ్మ గారు “ఊ” అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ మేనత్త పేరు తులసమ్మ. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోతే అన్నగారింటికి వచ్చేసింది. తర్వాత కొన్నాళ్ళకి వదినగారు కూడా పోయింది. అప్పటికి పట్టాభికి ఇంకా సరిగ్గా మాటలు రాలేదు. ఆ రోజు ఎత్తుకున్న పిల్లవాణ్ణి ఆవిడ మళ్ళీ దించలేదు, అంతే. అతనికి అన్నం తినిపించిందీ, జ్వరాలకి మేలుకున్నదీ, బళ్ళో దెబ్బలు తిని వస్తే పంతులు మీదికి పోట్లాటకి వెళ్ళిందీ ఆవిడే. ఇప్పుడు అతని పిల్లలు ఆవిణ్ణి మామ్మా అని పిలుస్తారు. ఆ ఇంటివాళ్ళని ఎవరూ తప్పుగా అనుకోకూడదు. తులసమ్మంటే అక్కడ అందరికీ ప్రాణం. ఏ ఊరు వెళ్ళినా ఆవిడ కోసం ప్రసాదమో, చీరో, ఆవిడకిష్టమైన బెల్లం జీళ్ళో తేకుండా వచ్చింది లేదు. మొదట్లో నువ్వూ రాకూడదా అత్తా అనేవాళ్ళేమో, తర్వాత అదీ మానేశారు. రాలేని మనిషిని రమ్మంటే ఆ మనసు కష్టపెట్టినట్టవుతుందని వాళ్ళ ఉద్దేశం. ప్రయాణాల సంగతి ఆవిడ ముందు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. బయల్దేరే రోజున ఆవిడే అందరికంటే ముందు లేచి పులిహోర కలిపి, డబ్బాలకి సర్ది, గేటు దాకా వచ్చి సాగనంపేది. అద్దెకి తెచ్చిన బండి సందు మలుపు తిరిగేదాకా నిలబడేది.

సీతారావమ్మ గారు కళ్ళజోడు పెట్టుకుని, తనకి కోటప్పకొండ చూడాలనుందని చెప్పారు. వచ్చే ఆదివారం ఒక బండి మాట్లాడమన్నారు, డ్రైవరుతో కలిపి ఎనిమిది మంది పట్టేది. ఇంటిల్లిపాదీ రావాలి, మేనత్త తన పక్కన కూర్చోవాలి. పట్టాభి నీళ్ళు నమిలాడు. కొండ మీదికి ఘాట్ రోడ్డు, అన్నీ మలుపులే, ఆవిడకి నరకం కనపడుతుందని చెప్పబోయాడు. నా ఈడు మనిషి పక్కన లేకపోతే నాకు తోచదు, ఆవిడ రాకపోతే ప్రయాణమే వద్దు అన్నారు గురువుగారు. శిష్యుడన్నాక ఏం చేస్తాడు, సరేనని ఇంటికొచ్చాడు.

ఈ మాట వినేసరికి తులసమ్మ మొహం పాలిపోయింది. నన్నెందుకురా, మీ ప్రయాణం కూడా పాడవుద్ది అంది. సోమవారానికి ఇడ్లీ పిండి రుబ్బాలంది. పాలవాడు వచ్చి తిరిగి వెళ్ళిపోతాడంది. మోకాలు నొప్పంది. మోకాలు నొప్పికి కారే సుఖం అత్తయ్యా అని సునంద అనేసరికి ఆ సాకూ పోయింది. గురువుగారి మాట కాదనడానికి ఆ ఇంట్లో ఎవరికీ నోరు రాదు. ఇక ఆ వారమంతా ఇల్లు మొత్తం ఆవిడకి రాబోయే వాంతుల ఏర్పాట్లలో మునిగిపోయింది. సునంద మంచి వాసనొచ్చే నిమ్మకాయలు ఏరి తెచ్చింది, అల్లం ముక్కలు ఉప్పు కలిపి ఎండబెట్టింది. ఆంజనేయులు గారు మందుల షాపుకి స్వయంగా వెళ్ళి ప్రయాణం బిళ్ళలు తెచ్చారు. న్యూస్ పేపరు మీద కూర్చుంటే కడుపులో తిప్పదని సాహితి ఎక్కడో విని పాత పేపర్లు కట్ట కట్టింది. మేఘన కవర్లు పోగుచేసి, చిల్లులున్నాయేమోనని ఒక్కొక్కదాన్నీ నోటితో ఊది చూసింది. ఇంత ప్రేమ కళ్ళ ముందు జరుగుతుంటే తులసమ్మ ఎవరి మొహమూ చూడలేక వంటింట్లోనే తిరిగింది. భయపడుతోందనుకున్నారు అందరూ. భయపడుతున్న మాట నిజమే.

ఆదివారం పొద్దున్నే బండి వచ్చింది. కార్తీకం చలి ఇంకా వదల్లేదు. ఎవరెక్కడ కూర్చోవాలో సీతారావమ్మ గారే చెప్పారు. ముందు డ్రైవరు పక్కన ఆంజనేయులు గారు, మధ్య వరసలో కిటికీ దగ్గర తులసమ్మ, ఆవిడ పక్కన తాను, తన అవతల సాహితి. చివరి వరసలో సునంద, మేఘన, పట్టాభి. పట్టాభి ఏ బండిలోనైనా ముందు సీటు మనిషి. ఖర్చు పెట్టేవాడు, డ్రైవరుకి దారి చెప్పేవాడు, అతని చోటు అదేనని అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్నారు. ఇప్పుడు వెనకాల మోకాళ్ళు గడ్డానికి ఆనుతుంటే ఎలాగో సర్దుకుని కూర్చున్నాడు. డ్రైవరు ఈమధ్యే సీట్లకి కొత్త కవర్లు వేయించాడట. వాంతులయ్యేది ఎవరికండీ అని ముందే వాకబు చేసి, తులసమ్మ వైపు దీనంగా చూశాడు. ఆవిడ పేపరు మీద కూర్చుంది. ఒళ్ళో నిమ్మకాయలు, చేతిలో కవరు.

ఊరు దాటేదాకా ఆవిడ తలెత్తలేదు. పత్తి చేలు మొదలయ్యాక మెల్లగా కిటికీ వైపు తిరిగింది. ఈ అద్దం దించడం ఎట్టాగే అని మనవరాలిని అడిగింది. సాహితి సీతారావమ్మ గారి మీదుగా వంగి మీట చూపించింది. తులసమ్మ నొక్కితే అద్దం దిగింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దించింది. గాలి మొహాన కొట్టి, ముడిలోంచి తెల్ల వెంట్రుకలు ఊడి ఎగిరాయి. ఆవిడ వాటిని సర్దుకోలేదు. అదిగో పత్తి తీస్తున్నారు, అదిగో గొర్రెల మంద, అదిగో కొంగలు అని ఒక్కొక్కటీ సీతారావమ్మ గారికి చూపించసాగింది. కాసేపటికి గురువుగారికి తాను చూపించడమేమిటని గుర్తొచ్చి ఊరుకుంది, మళ్ళీ కొంగలు కనపడగానే ఆ సంగతి మర్చిపోయింది. వెనక సీట్లోంచి పట్టాభికి ఆవిడ చెంప మాత్రమే కనిపిస్తోంది. ఆ చెంప నవ్వుతున్నట్టు అనిపించింది. తిప్పడం మొదలయ్యే ముందు మనిషి అలాగే ఉంటుందేమోనని కంగారుపడి, కవరు సిద్ధంగా పెట్టుకోమని సునందని మోచేత్తో పొడిచాడు.

కొండ ఎక్కడం మొదలైంది. బండి ఒక మలుపు తిరిగేసరికి అందరి కళ్ళూ తులసమ్మ మీదికి తిరిగాయి. సునంద కవరు విప్పి పట్టుకుంది. మేఘన నీళ్ళ సీసా మూత తీసింది. ఆంజనేయులు గారు ముందు సీట్లోంచి మెడ తిప్పి, చెల్లాయ్, కళ్ళు మూసుకో అన్నారు. డ్రైవరు అద్దంలో ఆవిణ్ణే చూస్తూ స్టీరింగు తిప్పుతున్నాడు. తులసమ్మ మాత్రం రోడ్డు పక్క గోడ మీద పిల్లని పొట్టకి హత్తుకుని కూర్చున్న కోతిని చూస్తోంది. ఇంకో మలుపు, ఇంకోటి. అప్పుడు చివరి వరసలోంచి సన్నగా, బండి ఆపండి అని వినపడింది. గొంతు పట్టాభిది.

బండి ఆగీ ఆగకముందే తులసమ్మ తలుపు తీసుకుని దిగింది. మోకాలు నొప్పి సంగతి ఆవిడకి గుర్తులేదు. పట్టాభి తూలుతూ వచ్చి పిట్టగోడ పట్టుకుని వంగాడు. ఆవిడ ఒక చేత్తో అతని నుదురు పట్టుకుంది, ఇంకో చేత్తో వీపు రాసింది. కానీ, అయిపోయిందిలే, సిగ్గుపడమాక అంది. కవరూ నీళ్ళూ పట్టుకుని దిగబోయిన సునందని సీతారావమ్మ గారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. సీసా మాత్రం అందించి, పిల్లలకి కోతుల కథేదో మొదలుపెట్టారు. తులసమ్మ నీళ్ళతో అతని మొహం కడిగి, కొంగుతో తుడిచి, నిమ్మకాయ గోటితో గిచ్చి ముక్కు దగ్గర పెట్టింది. నుదుటి మీద ఆ చెయ్యి పడి ఎన్నాళ్ళయిందో పట్టాభికి జ్ఞాపకం రాలేదు. చెయ్యి సన్నబడింది, ఎముకలు తగులుతున్నాయి. అయినా ఆ పట్టు అతనికి తెలుసు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, బజార్లో పదిమంది నమస్కారం పెట్టే మనిషి, కాసేపు అలాగే నిమ్మకాయ వాసన చూస్తూ పిల్లాడిలా నిలబడ్డాడు.

కడుపు నెమ్మదించాక తలెత్తి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ నిటారుగా నిలబడి ఉంది. కళ్ళు మెరుస్తున్నాయి. పొద్దున ఇంట్లో చూసిన పాలిపోయిన మొహం కాదది.

“అత్తా, నీకేం కాలేదేం?”

తులసమ్మ తల తిప్పుకుంది. కిందకి, చేల వైపు చూసింది. దొరికిపోయిన మనిషి ఏం చేస్తుందో అదే చేసింది, కొంగు భుజం మీదికి లాక్కుంది. “నాకెప్పుడూ ఏం కాలేదురా,” అంది.

తర్వాత మెల్లగా చెప్పింది. పట్టాభికి తొమ్మిదేళ్ళప్పుడు ఒంగోల్లో వాళ్ళ పెదనాన్న కూతురి పెళ్ళి. పెదనాన్న ఎవరినో అడిగి ఒక నల్ల కారు తెచ్చాడు. అందరూ ఎక్కాక చూస్తే పిల్లవాడికి చోటు లేదు. కూర్చోబెట్టుకుందామంటే ఖాళీగా ఉన్న ఒడి లేదు, అన్ని ఒళ్ళలోనూ చంటిపిల్లలో లడ్డూల బుట్టలో ఉన్నాయి. ఇంకొక్క ప్రాణం ఎక్కినా బండి తియ్యనని డ్రైవరు మొండికేశాడు. పిల్లాణ్ణి పక్కింట్లో వదిలి వెళ్దామన్నారు పెద్దలు. పిల్లాడు కారు తలుపు పట్టుకుని వదలకుండా ఏడ్చాడు.

“నేను దిగితే నీకు చోటొస్తుంది. ఊరికే దిగుతానంటే మీ పెదనాన్న ఒప్పుకోడు. అందుకని కడుపులో తిప్పుతోంది, నాకు కారు పడదన్నాను,” అంది తులసమ్మ. “అంతేరా. పెద్ద సంగతేం కాదు.”

ఆ ప్రయాణం పట్టాభికి అణువణువూ గుర్తుంది. అతని జీవితంలో మొదటి కారు ప్రయాణం అది. కిటికీ పక్కన కూర్చుని గాలికి నోరు తెరిచి, తాటిచెట్లు వెనక్కి పరుగెత్తడం చూస్తూ వెళ్ళాడు. దారిలో ఎక్కడో ఆపి గోలీసోడా ఇప్పించారు. ఎప్పటికైనా మనకీ ఒక కారుండాలని అతను ఆ రోజే అనుకున్నాడు. ఆ కథ పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా తులసమ్మ అక్కడే కందిపప్పు ఏరుతూనో, పూలు కడుతూనో కూర్చుని, తర్వాత ఏం చూశావురా, ఇంకా ఏం చూశావు అని పిల్లలతో పాటు అడిగేది. మొదటిసారి వింటున్న మనిషిలాగే అడిగేది. ఎవరి చోటులో కూర్చుని ఆ తాటిచెట్లు చూశాడో అతనికి ఇన్నేళ్ళూ తట్టలేదు.

మరి తర్వాతైనా చెప్పొచ్చు కదా అన్నాడు. ఆవిడ నవ్వింది. పట్టాభి వాళ్ళ నాన్న ఒంగోలు పెళ్ళిలోనే చుట్టాలందరికీ మా చెల్లెలికి కారు పడదని చాటింపు వేసొచ్చాడని, పడుతుందని ఏ మొహం పెట్టుకుని చెప్పాలని అంది. ఒకటి రెండుసార్లు అనుకుందట చెబుదామని. ఆ రెండుసార్లూ బండిలో చోటు తక్కువే ఉంది.

“ఎవరన్నా అడిగితే చెప్పేదాన్నేమోరా. మీరేమో అడిగితే నేను బాధపడతానని అడగడం మానేశారు,” అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే పట్టాభికి కొంచెం తేలిగ్గా ఉండేది.

పట్టాభికి ఏడుపొచ్చింది. పిట్టగోడ మీద చేతులు ఆన్చి, తల వంచుకుని ఏడ్చాడు. తులసమ్మ కంగారుపడి, మళ్ళీ వస్తోందా నాన్నా అని నుదురు పట్టుకుంది. అతను కాదనలేదు. ఆ చెయ్యి తీయించడానికి మనసొప్పలేదు.

బండి మళ్ళీ కదిలినప్పుడు ఆంజనేయులు గారు ముందు సీటు కొడుక్కి ఇచ్చి వెనక్కి వెళ్ళారు. చూశారా కోటయ్య స్వామి మహిమ, కొండ దగ్గరికొచ్చేసరికి మా చెల్లెలికి ఏమీ కాకపోగా వీడికి పట్టుకుంది అని సీతారావమ్మ గారితో అన్నారు. పట్టాభి నోరు తెరవబోయాడు. తులసమ్మ ఊరుకోమన్నట్టు కళ్ళతోనే చెప్పింది. మహిమేనండి అన్నారు సీతారావమ్మ గారు, నవ్వు దాచుకోకుండానే.

దర్శనం బాగా అయింది. కార్తీక మాసం, పైగా ఆదివారం, జనం బాగానే ఉన్నారు. బయటికొచ్చి పులిహోర తిన్నారు. తులసమ్మ కలిపిన పులిహోరని తులసమ్మతో కలిసి ఊరవతల కూర్చుని తినడం ఆ ఇంట్లో ఎవరికైనా అదే మొదలు. మేఘన అది గమనించలేదు గాని, మామ్మా, ఇక్కడ ఇంకా బాగుంది అంది. తిన్నాక అందరూ గోడ దగ్గరికి వెళ్ళి కిందికి చూశారు. మంచు విడిపోయి చేలు, చెరువులు, ఊళ్ళు కనిపిస్తున్నాయి. పిల్లలు వాళ్ళ ఇల్లు ఎక్కడుంటుందో వెతుకుతున్నారు. తులసమ్మ పట్టాభి పక్కకి వచ్చి, ఒంగోలు దారి ఎటురా అని అడిగింది. అతను దక్షిణం వైపు చెయ్యి చాపి చూపించాడు. ఆవిడ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు అటే చూసింది. అంత దూరానికి అక్కడ రోడ్డేమీ కనపడదు, ఎండా పొగా తప్ప. అయినా పట్టాభి ఆవిణ్ణి తొందర పెట్టలేదు. ఆవిడ చాలనుకునేదాకా చెయ్యి చాపుకునే నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో కొండ దిగేసరికి ఎండ ముదిరింది. చివరి వరసలో ఆంజనేయులు గారు గుర్రు పెడుతున్నారు. మేఘన తల్లి ఒళ్ళో ముడుచుకుంది. సాహితి చెవుల్లో పాటలు పెట్టుకుంది. తులసమ్మ కాసేపు కిటికీలోంచి చేలు చూస్తూ, కాసేపు సీతారావమ్మ గారితో పచ్చళ్ళ గురించి మాట్లాడుతూ, మాట మధ్యలోనే నిద్రలోకి జారుకుంది. అద్దం దించే ఉంది. తల మెల్లగా ఒరిగి పక్కావిడ భుజం మీద వాలింది. డ్రైవరు అడక్కుండానే బండి నెమ్మది చేశాడు.

జేబులో పట్టాభి ఫోను మోగింది. కార్ల షాపు అతను. పట్టాభి తియ్యకుండా నొక్కేసి, ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. ఈ వారమంతా తాను వేళ్ళు మడిచి చేసిన లెక్కలు తలుచుకుంటే అతనికి సిగ్గేసింది. అయినా ఇంకొకరి నోట సరేననిపించుకుంటే గాని ధైర్యం చాలని మనిషి అతను. గొంతు బాగా తగ్గించి, “అమ్మగారూ, ఏడు సీట్లదే తీసుకుంటానండి. అంతేనంటారా?” అన్నాడు.

సీతారావమ్మ గారు భుజం కదలకుండా చూసుకుంటూ, అతనికంటే మెల్లగా అన్నారు.

“నన్నెందుకు అడగడం నాయనా? ఆవిణ్ణి అడుగు.” కాస్త ఆగి, “లేచాక,” అన్నారు.